పొడుగు బారుకు ఏ చైను

నాయన పోయి ఏడాది తిరిగాక, చిత్తూరులో అంగడి ఖాళీ చేయడానికి వెళ్ళాను. అంగడి అంటే మా ఇంటి ముందుగదే. చెట్లు కోసే మిషన్ రంపాలకు చైన్లు అమ్మడం, మొద్దుబారిన చైన్లకు పన్ను సానపెట్టడం, చైను తిరిగే పొడుగు ఇనప పట్టీలు, అంటే బార్లు, వంకరపోతే సరిచేయడం మా బతుకుతెరువు. గోడకున్న కొక్కేలన్నీ బోసిగా ఉన్నాయి. పై అరలో వెనకగా ఒక బిస్కెట్ల డబ్బా కనబడితే దించాను. లోపల పాత పంచెగుడ్డలో చుట్టిన చైను ఉంది. ఇన్నేళ్ళకు తుప్పుపట్టి పొడైపోయి ఉండాలి. కానీ విప్పగానే నా వేళ్ళకు నూనె అంటింది. వరసగా కొన్ని పళ్ళు మూలలు విరిగిపోయి ఉన్నాయి. అది ఏ చైనో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా తమ్ముడు మునిరత్నం ప్రాణం తీసిన చైను అది. నాయన దాన్ని పారేయలేదు సరికదా, ఎప్పటికప్పుడు తీసి తుడిచి, నూనె రాసి, మళ్ళీ చుట్టిపెట్టుకుంటూ వచ్చాడన్నమాట. ఎవరూ చూడకుండా ఆ పని ఎప్పుడు చేసేవాడో నాకు తెలియదు.

నేను తిరుపతిలో బళ్ళో తెలుగు చెప్పి, ఈమధ్యే మానేసినదాన్ని. రంపం చైన్ల గురించి మాట్లాడితే నా తోటి టీచర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోండి. ఛందస్సు కంటే ముందు నాకు చైనే తెలుసు. మా ఇంట్లో తెల్లవారడమంటే ఆకురాయి చప్పుడే. నాయన పీట మీద కూర్చుని, చైనును బిగించిపెట్టి, గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నూ సానపెట్టేవాడు. లోపలినుంచి బయటికే రుద్దాలి, ఎదురు రుద్దకూడదు, అన్ని పళ్ళకూ ఒకే లెక్కన పడాలి. ఒక పక్క ఎక్కువ అరిగిందా, రంపం మానులో వంకరగా పోతుంది. వెనక వంటింట్లో అమ్మ సంగటి కెలుకుతూ ఉండేది. చెనక్కాయల ఊరుబిండి పచ్చడి వాసనా, పళ్ళెంలో చైన్లు నానేసిన కిరసనాయిలు వాసనా కలిసి మా ఇంటి వాసన. వచ్చిన చుట్టాలు ముక్కులు మూసుకునేవాళ్ళు. "ఈ ఇంట్లో మజ్జిగ తాగినా మిషన్ నూనే నాలిక్కి తగులుతాది" అని అమ్మ సణిగేది. నాయన చేతులకు సర్ఫు పట్టించి ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆ నలుపు చేత్తోనే అన్నం కలిపి మా ఇద్దరికీ ముద్దలు పెట్టి పెంచాడు. నాకు ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర నిలబడితే ఆకలేస్తుంది.

నాయన చిన్నప్పుడు చేతిరంపం లాగినవాడు. మానును ఎత్తుమీద పెట్టి, పైనొకడు, కిందొకడు నిలబడి లాగే పెద్ద రంపం. కింద నిలబడి కళ్ళల్లో పొట్టు పడీపడీ ఆయన కళ్ళెప్పుడూ ఎర్రగానే ఉండేవి. మిషన్ రంపం వచ్చాక దాన్ని చూసి మురిసిపోయాడు, భయపడ్డాడు కూడా. అందుకేనేమో, చైను కోసం వచ్చినవాణ్ణి వట్టి చేతులతో నిలబెట్టి ప్రశ్నలు వేసేవాడు. ఏ చెట్టు? పచ్చిదా, ఎండిందా? చేన్లో ఉండాదా, దారి పక్కన ఉండాదా? "ఏందప్పా, చైను ఇయ్యమంటే పెండ్లిసంబంధం మాదిరి ఆరా తీస్తా ఉండావు!" అని ఒకాయన విసుక్కోవడం నాకు బాగా గుర్తు. నాయన నవ్వలేదు. "సంబంధం తప్పితే ఇడిపించుకోవచ్చునప్పా. ఇది తప్పితే యాడికి పోతావు?" అన్నాడు.

ఆయన చెప్పే పాఠం ఇది. పొట్టి బారుకు ఏ చైనైనా లాక్కుపోతుంది. బారు పొడుగైతేనే తంటా. మూడడుగుల బారు పెద్ద మానులో మునిగితే, చైనుకున్న పళ్ళన్నీ ఒకేసారి కొయ్యను కరుస్తాయి. ఇంజను మూలుగుతుంది, పొట్టు బయటికి రావడానికి దారి దొరకదు. అందుకని పొడుగు బారుకు పళ్ళు దూరం దూరంగా ఉండే చైను వెయ్యాలి. దాన్ని నాయన సందు చైను అనేవాడు. అక్కడితో అయిపోదు. పన్ను ఎట్లాంటిదో చూడాలి. మూల ఉలిలాగా చురుగ్గా ఉండేది ఉలి పన్ను. మూల కాస్త గుండ్రంగా ఉండేది గుండు పన్ను. "ఉలి పన్ను పడుసోడు. బలే కోస్తాడు. మన్ను తగిలినా, ఇనుము తగిలినా ఒక్క దెబ్బకే పోతాడు. గుండు పన్ను ముసిలోడు. నిదానంగా పోతాడు గానీ దెబ్బలకు తట్టుకుంటాడు." దారి పక్క చెట్టుకు గుండు పన్నే అనేది ఆయన శాసనం. దారి పక్క మానుకు దుమ్ము పడుతుంది, బోర్డులు కొడతారు, పోస్టర్లు కొడతారు, గొర్రెలోళ్ళు తాళ్ళు కడతారు. ఎప్పుడో కొట్టిన మేకును చెట్టు మింగేస్తుంది, పైన బెరడు కమ్మేస్తుంది, కంటికి కనబడదు. అందుకే కోతకు ముందు నాయన కొడవలి వెన్నుతో మాను చుట్టూ గీరి, తట్టి, ఎక్కడైనా ఉబ్బుగానీ నల్లమరకగానీ ఉందేమో వెతికేవాడు. మేకున్న చోటుకు జానెడు పైకో కిందికో గీత గీసి, అక్కడ కొయ్యమనేవాడు. అంతవరకూ రంపం ఇంజను వేయనిచ్చేవాడు కాదు.

రత్నానికి ఇవన్నీ చాదస్తంగా ఉండేవి. ఐటీఐ చదివి వచ్చి, నాయనతోపాటు కోతపనికి దిగాడు. మంచి పొడగరి. మూడడుగుల బారున్న మిషనును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. సాయంత్రం ఒళ్ళంతా పొట్టుతో వచ్చి వాకిట్లో నిలబడితే, అమ్మ చొక్కా మీద ఫట్‌ఫట్‌మని కొట్టి దులిపేది. ఒకటి రెండు దెబ్బలు కావాలనే గట్టిగా వేసేది. "అమ్మా, పొట్టు దులపతా ఉండావా, నన్ను సంపతా ఉండావా?" అని అరిచేవాడు. నేను అప్పుడే చిన్న ప్రైవేటు బళ్ళో చేరాను. నన్ను అక్కా అని పిలవడం మానేసి 'టీచరమ్మా' అనేవాడు. "టీచరమ్మా, మా నాయనకు ఒక పరీక్ష పెట్టు. ఒక మాను సుట్టూ తిరిగేదానికి ఎంతసేపు పడతాదో అడుగు" అని ఏడిపించేవాడు. నాయన మురిపెంగా కోప్పడేవాడు. కొడుకు పనితనం మీద ఆయనకు లోలోపల చాలా గర్వం. ఆ గర్వం ముఖంలో కనబడకూడదని మీసం లాక్కుంటూ ఉండేవాడు.

సత్యవేడు వైపు రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. దారి పక్కనున్న మాన్లన్నీ కొట్టేయాలి. పని చేయించే మేస్త్రి మా ఇంటికొచ్చి తొందర పెట్టాడు. రోలర్లు వచ్చి నిలబడి ఉన్నాయి, చెట్లు పడితేగానీ పని సాగదని. ఆ వరసలో అన్నిటికంటే పెద్దది ఒక చింతమాను. అది అమ్మ పుట్టిన ఊరి పొలిమేరలో ఉంది. ఆ పూట అందరం వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నాం. అమ్మ వడ్డిస్తోంది.

నాయన అడిగాడు. "ఏమే, మీ ఊరి మొదట్లో ఉండే చింతమానే అది. దానికి మేకులు గీకులు ఏమన్నా కొట్టినారా? ఎప్పుడన్నా సూసినావా?"

అమ్మ పప్పుగిన్నెలో గరిట తిప్పుతూ ఉంది. "యాడివి మేకులు? ఆ మానుకాడికి ఎవురు పోతారు?"

"ఎవురూ పోరా?"

"పోరు. ఆడ యేముండాదని పోతారు?"

రత్నం ఎగిరి గంతేశాడు. "ఇన్న్యావా నాయనా! అమ్మే చెప్తా ఉండాది. ఉలి పన్ను సందు చైను ఏసుకుందాం. గుండు పన్నుతో అయితే ఆ మానుకింద కాపురం పెట్టాల మనం."

నాయన మజ్జిగ పోసుకుంటూ, "సరేలే. పుట్టిన ఊరు కదా, మీయమ్మకు తెలీకుండా ఉంటాదా" అన్నాడు. ఆయన తన శాసనాన్ని తానే దాటడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రం కొత్త ఉలి పన్ను చైను దించి, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గడప దగ్గర నిలబడి, "ఆ మాను మీరే కొయ్యాల్నా? ఇంకెవురికన్నా ఇయ్యకూడదా ఆ పని?" అంది. ఎందుకని నాయన అడిగితే, "ఏం లే. పుట్టింటి ఊరి మాను. మనసు ఒప్పలే" అంది. రత్నం నవ్వి, "అయితే నీ పుట్టింటికి ఒక దుంగ సారె పంపిస్తాలే" అన్నాడు. నేనూ నవ్వాను. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

జరిగింది నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పిన మాటలే నాకు తెలుసు. చెట్టు ఒరగాల్సిన వైపు గాటు పెట్టేశారు. రత్నం వెనకవైపునుంచి కోస్తున్నాడు. మాను లావు బారు పొడుగుకంటే ఎక్కువ, కాబట్టి బారు కొన మాను లోపలే తిరుగుతోంది. కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో, అంత ఎత్తులో కోత పడుతోంది. లోపల ఇనుము తగిలింది. బ్రేకు పడేలోపే బారు మొత్తం పైకి లేచి, వెనక్కి ఎగిరి వాడి మెడ మీదికి వచ్చింది. కోత మూసుకుపోకుండా అందులో చెక్క చీలలు దిగగొట్టడానికి నాయన పక్కనే సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు తీసి అదిమి పట్టుకుని, ఆటో ఎక్కించి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. దారిలో ఎక్కడ ప్రాణం పోయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తెచ్చినప్పుడు నాయన పంచె, చేతులు, మీసం అన్నీ ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి. అమ్మ వాడి చొక్కా మీది పొట్టు దులుపుతూ కూర్చుంది. తడిసిన చొక్కా మీదినుంచి పొట్టు రాదు కదా. అయినా దులుపుతూనే ఉంది.

తర్వాత వేరేవాళ్ళు ఆ మానును కింద పడేసి చీలిస్తే, లోపల మేకులే మేకులట. ఒక్కోదాని చుట్టూ చెక్క సిరా పోసినట్టు నల్లగా ఉందట. అవి దయ్యం మేకులు. దయ్యం పట్టిందని చెప్పిన ఆడపిల్లను ఆ మానుకు ఆనించి కూర్చోబెట్టి, జుట్టు పాయను మేకుతో చెట్టుకు కొట్టి, పాయను కోసేసేవాళ్ళు. దయ్యం చెట్టుకు అతుక్కుపోయి, పిల్ల లేచి వచ్చేస్తుందని నమ్మకం. ఆ తర్వాత ఆ మేకు మాట ఊళ్ళో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే దయ్యం ఊడివస్తుందని భయం. పైగా పెళ్ళి కావాల్సిన పిల్ల. అందుకే ఊరు ఊరంతా నోరు మూసుకునేది. మాను మీద ఉన్న దయ్యాలే రత్నాన్ని తీసుకున్నాయని ఆ ఊరివాళ్ళు చెప్పుకున్నారు. నాయన ఆ మాట చెవిన వేసుకోలేదు. "దయ్యమూ లేదు, దేవుడూ లేడు. గీరి సూసుకోలే నేను. ఉలి పన్ను నా సేత్తో నేనే ఏసినాను. రత్నాన్ని నేనే సంపుకున్నాను" అన్నాడు. బతికినంతకాలం అదే మాట అన్నాడు.

మాటే కాదు, అలాగే బతికాడు. కోతపని వదిలేశాడు. అంగట్లో సానపట్టడం ఒక్కటే మిగిలింది. ఉలి పన్ను కావాలని ఎవరొచ్చినా, గోడకు కళ్ళెదుట వేలాడుతున్నా, "లేదు" అనేవాడు. "అదేందప్పా, ఆడ ఉండాది కదా" అంటే, "అమ్మేదానికి లే" అనేవాడు. బేరాలు పక్కవీధి అంగడికి పోయాయి. భోజనానికి కూర్చుని సగంలో లేచిపోయేవాడు. నేను తిరుపతినుంచి వెళ్ళినప్పుడల్లా, "పాపా, గుండు పన్ను ఏసింటే ఎగిరేది కాదు గదా?" అని అడిగేవాడు. గుండు పన్నైనా, బారు కొన ఇనుముకు తగిలితే ఎగరొచ్చు, నాయనకు అది నాకంటే బాగా తెలుసు. మేకులున్నాయని తెలిస్తే ఆయన ఆ ఎత్తులో కోయనిచ్చేవాడే కాదు, అసలు సంగతి అదీ. నేను మాత్రం, "చెప్పలేం నాయనా" అనేదాన్ని. ఆయన తల ఊపి, మళ్ళీ కొన్నాళ్ళకు అదే ప్రశ్న అడిగేవాడు. అమ్మ అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండేది. ఒక్కసారి కూడా తల ఎత్తేది కాదు. కొడుకు శోకం అనుకున్నాను. కాదనను, శోకమూ ఉంది.

అంగడి ఖాళీ చేసిన రోజు ఆ చైనును ముందేసుకుని కూర్చుంటే, అమ్మ వచ్చి చూసింది. చూసి గోడకు ఆనుకుని నా పక్కన కూర్చుంది. "పారెయ్యలేదా ఆయన?" అంది. లేదన్నాను. నూనె రాసి పెట్టుకున్నాడన్నాను. అప్పుడు అమ్మ తన ముడి విప్పింది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ అమ్మ తల ఎవరిచేతా దువ్వించుకోలేదు. నేనెంత బతిమాలినా ముట్టనిచ్చేది కాదు. నడినెత్తికి కాస్త వెనకగా, రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక లేకుండా నున్నగా ఉంది.

"నా పదారేండ్లప్పుడు మా యక్క కానుపులో సచ్చిపోతే, నాకు మాట పడిపోయింది. అన్నం దిగేది కాదు. మా యక్కే నన్ను పట్టిందని అన్న్యారు. ఆ మానుకాడ కూసోబెట్టి కొట్టినారు, ఏపమండల్తో. జుట్టు మేకేసి కోసేటప్పుడు తోలుతో సహా వచ్చేసింది. ఆ పొద్దే మా నాయన ఒట్టేయించుకున్న్యాడు. అత్తగారింట్లో ఈ మాట చెప్పినావంటే, దయ్యం పట్టినదాన్ని ఎవురూ ఏలుకోరు, ఇంటికి తోలేస్తారు, నేను మళ్ళీ గడప తొక్కనియ్యనని."

"నాయన అడిగినాడు కదమ్మా. మేకులు ఉండాయా అని నీ మొగం సూసి అడిగినాడు."

"అడిగినాడు. ఉండాయి అంటే, నీకెట్ల తెలుసు అంటాడు. ఎవురు కొట్టినారు అంటాడు. అన్నం తింటా ఉండారు అందురూ. నాకు నోరు రాలే."

"ఏదో ఒకటి చెప్పుండొచ్చు కదా. బోర్డు కొట్టినారని అబద్ధమన్నా చెప్పుండొచ్చు కదా!"

అమ్మ నన్ను వింతగా చూసింది. ఆ ఉపాయం ఇన్నేళ్ళలో ఆమెకు తట్టనేలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది.

నాకు అప్పటిదాకా జాలే. తర్వాత ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. సరే, ఆ రోజు భయపడింది. ఆ తర్వాత? నాయన కళ్ళెదుటే కుమిలిపోతూ, తినక, నిద్రపోక, కొడుకును చేతులారా చంపుకున్నానని గోడలకు చెప్పుకుంటూ ఉంటే? ఇద్దరు బిడ్డల్ని కని, తల నెరిశాక కూడా ఇంటికి తోలేస్తాడని భయమా? అదే అడిగాను. చాలా కటువుగా అడిగాను.

"రత్నం పోయినాంక ఆ భయం లేదు" అంది అమ్మ. "ఏ మేకు తగిలిందో ఎవురికి తెలుసు, ఆడ అన్ని ఉండాయి. నాకు మాత్రం తెలుసు, అది నాదే. చెప్తే మీ నాయన నన్ను ఏమీ అనేవోడు కాదు. ఒక్క మాట కూడా అనేవోడు కాదు. ఊరికే సూసేవోడు. ఆ సూపు నేను తట్టుకోలేను. పోయేటప్పుడు పక్కనే కూసున్న్యాను. 'రత్నాన్ని నేనే సంపుకున్నాను' అన్న్యాడు. కాదులేయ్యా అని నోటిదాకా వచ్చింది. సెయ్యి పట్టుకున్న్యాను. అంతే. అట్లే పోనిచ్చినాను ఆయన్ని."

కాలం మారిందంటారు. నిజమే, ఇప్పుడు కొన్ని కోతమిల్లుల్లో దుంగమీద ఒక కర్ర తిప్పితే, లోపల ఇనుముంటే కుయ్యిమని చెబుతుంది. పెళ్ళాన్ని అడగనక్కర్లేదు. పిల్లకు మాట పడిపోతే తీసుకుపోవడానికి తిరుపతిలో డాక్టర్లున్నారు. కానీ నేను బడి మానేసే ముందు, నా తరగతిలో ఒక పిల్ల కొన్నాళ్ళు రాకుండా పోయి, మెడలో తాయెత్తుతో, మణికట్టు మీద వాతలతో వచ్చింది. ఏమైందని అడిగితే జ్వరమంది. వాళ్ళమ్మను పిలిపించి అడిగితే ఆమె కూడా జ్వరమే అంది. నేనూ ఊరుకున్నాను, రిజిస్టర్లో జ్వరమనే రాశాను. ఆ ఊరు నోరు మూసుకున్నదని అనడానికి నాకేం హక్కుందో నాకు తెలియదు. నాయన దాచిన ఆ చైనును తీసుకుపోయి పాత ఇనుము బండివాడి తక్కెట్లో వేశాను. నాయన అయితే వేయనిచ్చేవాడు కాదు.

అమ్మ ఇప్పుడు తిరుపతిలో నా దగ్గరే ఉంది. పదహారేళ్ళ పిల్లను చెట్టుకు ఆనించి కొట్టినవాళ్ళ మీద నాకు కడుపు రగిలిపోతుంది. ఆ పిల్ల పెరిగి, నాయనను అలా పంపించినందుకూ రగిలిపోతుంది. ఆ ఇద్దరూ ఒకే మనిషి. ఆమెకు ఉదయం కాఫీ ఇస్తాను, మందులిస్తాను, మోకాళ్ళకు నూనె రాస్తాను. ఎదురుగా కూర్చుని తినడం మాత్రం ఆ రోజునుంచీ నావల్ల కావడం లేదు. ఇది రాస్తుంటే పక్కగదిలోంచి, "ఏమ్మే, అన్నం తిన్న్యావా? పళ్ళెం పెట్టనా?" అని పిలుస్తోంది. తిన్నానమ్మా, నువ్వు తిను అని చెప్పాను. నేను తినలేదని ఆమెకు తెలుసు. కాసేపటికి ఒక్క పళ్ళెం మాత్రమే నేలమీద పెట్టిన చప్పుడు వినబడింది.